తాలు వెన్ను

పద్మలత గంజి వార్చి, కూరలో ఉప్పు చూస్తుంటే అత్త లక్ష్మీనర్సమ్మ వంటింటి గడప దగ్గరికొచ్చి, "ఫ్యాన్ బంద్ చెయ్యి బిడ్డా, మంట ఆరుతది" అంది. రెండో శనివారం, మే నెల, మిట్టమధ్యాహ్నం. పద్మలత ఫ్యాన్ ఆపింది. అత్త అనడం, తను ఆపడం పదకొండేళ్లుగా జరుగుతున్నదే. హాల్లో కూలర్ మాత్రం భర్త భాస్కర్ మొహం మీదికి హాయిగా వీస్తోంది. మంట ఆరిపోకూడదు, మనిషి ఉడికిపోతే ఏం పోయిందట!

ఆ ఉక్కలో ఆమె మనసు ఎప్పుడూ వరి ఆకు లోపలికి వెళ్లిపోతుంది. పరిశోధన కేంద్రంలో మూడేళ్లుగా వరికి వేడి పెట్టి చూడటమే ఆమె పని. ఎండ ముదిరితే ఆకులోని ప్రొటీన్లు రూపం చెడి, ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అప్పుడొస్తాయి కాపలా ప్రొటీన్లు. తూలిపడే మనిషిని చంకలో చెయ్యేసి నిలబెట్టినట్టు ఒక్కోదాన్నీ పట్టుకుంటాయి. కళ్లు మూస్తే చాలు, ఆకుపచ్చని వెలుతురులో చప్పుడు చెయ్యకుండా తిరుగుతూ కనిపిస్తాయి. వాటిని తలుచుకుంటే ఎంత ముద్దొచ్చేదో! ముందు కాస్త వేడి అలవాటు చేసిన నారులో అవి సిద్ధంగా ఉంటాయి. తర్వాత మాడ్చేసే వేడి పెట్టినా మొక్క చావదు.

చావదు, అంతే. రోజూ వేడిలోనే ఉంచిన వరుస బతికింది గానీ ఎదగక గిడసబారింది, వెన్నులో సగం గింజ పట్టని తాలే. ఒంట్లో శక్తంతా కాపలాకే పోతే గింజకేం మిగులుతుంది? పెద్దసారు రమాకాంత్ ఆ అంకెలు చూసి, "తాలు సంగతి తీసెయ్యమ్మా, బతికింది గదా, చాలు" అన్నాడు. ఆమె తియ్యలేదు. రేపు హైదరాబాద్‌లో శాస్త్రవేత్తల సభలో ఆ ఫలితాలు చెప్పాల్సింది ఆమే. వెళ్లకపోతే ఆయనే చదువుతాడు, తాలు ఊసెత్తకుండా.

రేపే నర్సంపేట నుంచి ఆడబిడ్డ అత్తగారివాళ్లు భోజనానికి వస్తున్నారు. "సార్ సదువుతడు గదా, నువ్వు పోకుంటే ఏమైతది?" అని భాస్కర్ పొద్దుటినుంచి మూడుసార్లు అన్నాడు, ఎంతో నెమ్మదిగా. కోపంగా అన్నా బాగుండేది, పోట్లాడేది.

లక్ష్మీనర్సమ్మ కోడలి చెమట మొహాన్ని కొంగుతో తుడిచింది. "రేపు పదిహేను మందికి వంట. ఫికర్ లేదు, నా కోడలు ఎంత ఉడుకైనా తట్టుకుంటది. బంగారం!"

ఆ మాటకు ఇన్నేళ్లూ పొంగిపోయింది పద్మలత. ఇవాళ ఏడుపొచ్చింది. స్టవ్ ఆపేసింది.

"పొద్దుగాల రైలుకు హైదరాబాద్ పోతాన అత్తమ్మా."

"మరి వంటెవరు చేస్తరే?"

"మీ కొడుకు చేస్తడు. చేతకాకుంటే హోటల్ నుంచి తెస్తడు."

భాస్కర్ లేచి వచ్చాడు. అతని మొహంలో నిజంగానే ఆశ్చర్యం.

"ఏమైంది పద్మా నీకు? ఇన్నేండ్ల సంది అన్నీ తట్టుకున్నవ్ గదా?"

"తట్టుకున్న" అంది పద్మలత. "గందుకే ఎదగలే."