వంటర్ర కిటికీ

"వంటర్రకు కిటికెందుకే? పొయ్యి కాడ కూసోని బజారు చూస్తవా?" అన్నాడు మొగుడు పర్వతాలు.

ఈదమ్మ ఇటుకలు అందిస్తూనే ఉంది. ఆ ఏడు రామన్నపేట దగ్గరి వాళ్ల ఊరికి సర్కారు ఇళ్లు మంజూరయ్యాయి. పట్టాలు ఆడవాళ్ల పేరు మీదే ఇచ్చారు. పునాది మట్టి మోసింది, గోడలకు పూటపూటా నీళ్లు పట్టింది ఈదమ్మే. వంటర్రకని ఇచ్చిన కిటికీని మాత్రం పర్వతాలు ముందరి అర్రకు పెట్టించాడు, వచ్చిపోయేవాళ్లకు కనబడాలని.

పదమూడేళ్లుగా ఆమె వండింది కిటికీ లేని గుడిసెలోనే. వానాకాలం తడిసిన కందికట్టె రాజుకునేసరికి కళ్లు చింతనిప్పులయ్యేవి. దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. "పొగకు ఓర్వని ఆడదాని చేతి కూరకు రుచుండదు" అనేది అత్త నర్సింగమ్మ. దవాఖానలో డాక్టరు పొయ్యి మార్చమన్నాడు. తిరిగొస్తూ దారిలో పర్వతాలు నవ్వాడు. "ఆయన పెండ్లానికి గ్యాసున్నది. నీకున్నదా?" ఆ నవ్వు పొగకన్నా ఎక్కువ మండించింది. వాకిట్లో గాలికి కూర్చుని తినేవాడికి లోపల ఊపిరాడని సంగతి ఎవరు చెప్పాలి? చెప్పినా, అది కూడా వంట తప్పించుకోవడానికి వంక చెప్పినట్టే అవుతుందని ఇన్నేళ్లూ ఊరుకుంది.

ఇల్లు చూడటానికి ఇంజనీరు రామచంద్రం వచ్చాడు. వంటర్రలో అడుగుపెట్టి నిలబడిపోయాడు.

"వంటింటికి కిటికీ, పొగలేని పొయ్యి, కప్పు దాటే గొట్టం. ఇవి లేనిదే ఇల్లు పూర్తయిందని రాయొద్దని, ఆఖరి బిల్లు ఇయ్యొద్దని రూలు."

"తర్వాత పెట్టుకుంటం సారూ. జర మీరే చూడుండ్రి" అని పర్వతాలు చేతులు జోడించాడు.

ఎండ చురుక్కుమంటోంది. ఇంజనీరుకు ఇంకా నాలుగు ఊళ్లున్నాయి. "సరే, అన్నీ ఉన్నయని ఇంటామె వేలిముద్ర వెయ్యాలె" అంటూ కాగితం, సిరా డబ్బా ముందుకు జరిపాడు.

ఈదమ్మ వేలికి సిరా అంటింది. కాగితం మీదికి వంగింది. ఈ ముద్ర పడితే ఇక చచ్చేదాకా ఈ చీకటి గదే. వేలు వెనక్కి తీసుకుని కొంగుకు తుడుచుకుంది.

"లేనిది ఉన్నదని ఎట్ల ముద్రేస్త సారూ? కిటికీ పెట్టినంక రాండ్రి. గప్పుడేస్త."

"ఏందే, నలుగుట్ల నా ఇజ్జత్ తీస్తవా?" అరిచాడు పర్వతాలు.

 ఆమె ఉన్నచోటి నుంచి కదలలేదు. ఇంజనీరు డబ్బా మూసి, "వారం దినాలకు వస్త" అని లేచాడు.

పర్వతాలు రెండు రోజులు ముఖం ముడుచుకున్నాడు. మూడో రోజు మేస్త్రీ ఐలేశాన్ని తెచ్చి గోడ పగలగొట్టించాడు. కిటికీ వచ్చింది, గొట్టం లేచింది, మట్టితో రెండు కళ్ల పొగలేని పొయ్యి తయారైంది. ముద్ర పడింది.

కొత్తింట్లో మొదటి వంట. పొగ గొట్టంలోంచి తన దారిన తాను పోయింది. పప్పు ఉడుకుతుంటే దాని రంగు కూడా కనిపించింది ఈదమ్మకు. ఛాతీ నిండా గాలి పీల్చుకుని, వండటం అయ్యాక బయటికి పోకుండా కిటికీ కింద చేరగిలబడి కళ్లు మూసుకుంది.

పర్వతాలు గడపలోకి వచ్చి అటూఇటూ చూశాడు. "ఈడనే సల్లగున్నదే. నాకీడనే బువ్వ పెట్టు."

ఈదమ్మ కళ్లు మూసుకునే ఉంది.

"గిన్నె గాడున్నది. పెట్టుకో" అంది.