వద్దనే మనిషి

డయాలసిస్ మిషను మొగుడి రక్తాన్ని కడిగి మళ్లీ ఒంట్లోకి ఎక్కిస్తుంది. పెళ్లాం ఒంట్లోంచి లాగిన సత్తువను మాత్రం తిరిగివ్వదు. నమ్మకపోతే బోధన్ నుంచి నిజామాబాద్ పోయే పొద్దుటి బస్సెక్కి ఎస్తర్ మొహం చూడండి. రోజు విడిచి రోజు ఆమె ఆ బస్సులోనే ఉంటుంది. కిటికీ పక్కన మొగుడు ఏసుదానం, ఆమె ఒళ్లో టిఫిన్ డబ్బా, కాళ్ల దగ్గర దుప్పటి కుక్కిన సంచి. నిజామాబాద్‌లో దిగి, కంఠేశ్వర్‌లోని ఆసుపత్రికి ఆటో మాట్లాడి, ఆయన్ని మంచమ్మీద పడుకోబెట్టి, తను బయట కుర్చీలో కూలబడుతుంది. మధ్యాహ్నం దాటాక, కాళ్లలో జీవం లేని మనిషిని భుజానికి ఆనించుకుని మళ్లీ బస్సు. ఇట్లా ఏళ్లు గడిచిపోతున్నాయి.

వాళ్లకు పిల్లలు లేరు. ఏసుదానం చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసిన రోజుల్లో తమ్ముడు విజయ్ పాల్‌నే కొడుకనుకుని పెంచి, చదివించి, పెళ్లి చేశాడు. విజయ్ పాల్‌కి ఇప్పుడు నవీపేట్‌లో టైర్ల దుకాణం ఉంది. అన్నంటే ప్రాణం పెడతాడు, అందులో అబద్ధం లేదు. ఆదివారం చర్చి అయ్యాక మోటర్ సైకిల్‌కి కొబ్బరి బోండాలు వేలాడదీసుకుని వస్తాడు. కిడ్నీ చెడినవాడికి కొబ్బరి నీళ్లు విషంతో సమానమని ఎస్తర్ ఎన్నిసార్లు చెప్పినా, "సల్లదనం వదినా, ఏం గాదు తియ్యి," అంటాడు. ఆ ప్రేమను కాదనలేక ఆమె బోండాలు తీసుకుంటుంది, పక్కింటి శ్యామలమ్మకు ఇచ్చేస్తుంది. శ్యామలమ్మ ఇంటిల్లిపాదీ నిగనిగలాడుతున్నారు.

డయాలసిస్‌లో ఏసుదానం పక్క మంచం తుకారాంది. సరిహద్దు ఊరి రైతు, సగం మరాఠీ సగం తెలుగు కలిపి నవ్వించేవాడు. ఆయన ఉన్నట్టుండి రావడం మానేశాడు. కొన్నాళ్లకు పెళ్లాం ఒక్కతే వచ్చింది, ఆయన మందుల కాగితాలేవో తీసుకుపోవడానికి. ఎస్తర్ పక్కన కుర్చీలో కూర్చుని చెప్పింది.

"ఊపిరి అందుతలేదని హైదరాబాద్ తోలుకపోయిండ్రక్కా పోరగాండ్లు. గొంతుల పైపు ఏసిండ్రు. పీక్కుంటడని చేతులు మంచానికి కట్టిండ్రు. అద్దంల కెల్లి సూస్తుంటె నన్ను కండ్లతోని బతిలాడిండు. నేనేం జేస్త? నన్ను అడిగినోడు లేడు, ఆయన్ని అంతకన్న అడగలే. గట్లనే పోయిండు."

తలుపు తెరిచే ఉంది, మంచమ్మీది నుంచి ఏసుదానం ఆ మాటలన్నీ విన్నాడు. ఆ రోజు తిరుగు బస్సులో, చెరకు బండి అడ్డమై బస్సు ఆగినప్పుడు, నెమ్మదిగా అన్నాడు.

"నన్ను గట్ల కట్టెయ్యనియ్యకు ఎస్తరూ. ఊపిరి మిషన్ పెడ్తమంటె వద్దను. ఇంటికి తోలుకరా."

అప్పుడు ఎస్తర్ గుండెలో ఒక మాట పుట్టింది. ఎవరూ వినలేదు గానీ ఆమె విన్నది. 'హమ్మయ్య' అన్నది గుండె. ఈ బస్సూ, ఈ సంచీ, ఈ కుర్చీ, అన్నిటికీ ఒక అంతుందన్నమాట అని, బరువు దించుకున్న కూలి మనిషిలా సేద తీరింది. మరుక్షణం ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. కట్టుకున్నవాడు చావు మాట ఎత్తితే హాయి అనిపించిందే, నేను మనిషినా అనుకుంది. కిటికీలోంచి బయటికి చూస్తూ, "సప్పుడు జెయ్యకుండ కూసో," అన్నది.

అంతటితో ఊరుకుంటే ఏసుదానం ఎందుకవుతాడు? డాక్టర్నే అడిగాడు. ఆయన మంచివాడు, విసుక్కోలేదు. ఏ వైద్యం వద్దో ఒంటి మీద తెలివి ఉన్నప్పుడే రాసి పెట్టుకోవచ్చన్నాడు. ఇద్దరు సాక్షులుండాలి, నోటరీ చేయించాలి, మీకు తెలివి లేనప్పుడు మీ తరఫున మాట్లాడే మనిషి పేరు కూడా రాయాలన్నాడు. "ఇంకెవలు, ఈమెనే," అన్నాడు ఏసుదానం. "నేను గాదు," అని ఎస్తర్ లేచి బయటికి పోయింది.

ఆ తర్వాత ఆయన అడగని చోటు లేదు. బస్సులో అడిగాడు, తన పాదాలకు ఆమె నూనె రాస్తుంటే అడిగాడు, కొలిచి పోసిన నీళ్లు చప్పరిస్తూ అడిగాడు. అడిగినప్పుడల్లా ఆ పాపిష్టి హాయి గుండెలో తల ఎత్తేది. ఎత్తినప్పుడల్లా ఆమె ఇంకా గట్టిగా వద్దనేది. సరే అంటే ఆయన కోసం అన్నట్టా, తన నడుం నొప్పి కోసం అన్నట్టా? ఆ సంగతి తేలకుండా మనిషి ప్రాణం మీద మాట ఎట్లా ఇస్తుంది?

ఒక రోజు వాళ్ల ఇంట్లో ప్రార్థన కూడిక జరిగింది. మెథడిస్టు సంఘం వాళ్లు చాపల మీద సర్దుకుని కూర్చున్నారు. పాటలయ్యాయి, వాక్యం అయ్యింది. సాక్ష్యాలు చెప్పండని పాస్టరు అయ్యగారు అడిగారు. సాక్ష్యమంటే ఎప్పుడూ ఒకటే తీరు, రోగమొచ్చింది, మొక్కినాము, దేవుడు లేపాడు. ఏసుదానం గోడ పట్టుకుని లేచేసరికి అందరూ స్తోత్రం అనడానికి నోళ్లు సిద్ధం చేసుకున్నారు.

"అందరికి వందనాలు. నా కోసం మీరంత మోకాళ్లేసిండ్రు, గందుకే గిన్ని దినాలు బతికిన. ఇంకొక్క విన్నపం. నాకు సావంటె బయం లేదు, కట్టేసి సాగదీసుడంటె బయం. పానం పొయ్యేటప్పుడు గొంతుల పైపు ఎయ్యొద్దు, గుండె మీద గుద్దొద్దు. నొప్పి తెల్వకుండ మందియ్యుండ్రి, నా ఇంట్ల పండుకోనియ్యుండ్రి. డయాలసిస్ ఎప్పుడు ఆపాల్నో నేనే జెప్త. నాకు తెలివి లేకుంటె ఎస్తర్ జెప్తది. కాయితం గుడ రాస్త, అది దవాఖానోళ్లకు. మీకు నోటితోని జెప్తున్న. ఎందుకంటె, రేపు ఈమెను ఆడిపోసుకునేది దవాఖానోళ్లు గాదు."

స్తోత్రం అనాలో వద్దో అయ్యగారికే తోచలేదు. వెనక కూర్చున్న విజయ్ పాల్ లేచాడు, అప్పటికే కళ్లు ఎర్రబడ్డాయి.

"గిదేం సాక్ష్యమన్నా? విశ్వాసం యాడ బోయింది? నేను బతికుండంగ నిన్ను ఇడిసిపెడ్తనా? దుకాణం అమ్మైనా సరే హైదరాబాద్ తోలుకపోత." అని వదిన వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు, మెత్తగానే అన్నాడు. "నువ్వు అలిసిపోయినవ్ వదినా. నేను తప్పు పడ్తలేను. గని అలిసినోళ్లు గసుంటి మాట ఇయ్యొద్దు."

ఎస్తర్ ఇన్నాళ్లూ దాచుకున్నది వాడు నడిగదిలో బయటపెట్టినట్టయింది. తల వంచుకుని ఊరుకుంటే పోయేదే. కానీ ఊరుకునే ఓపిక కూడా ఆమెకు మిగల్లేదు.

"నిజమే విజయ్, అలిసిపోయిన," అన్నది. "మీ అన్న మొదటి తాప గీ మాట అన్ననాడు నాకు హాయిగ అనిపించింది. దేవుడు సూస్తున్నడు, అబద్ధమెందుకు ఆడాలె. గందుకే గిన్ని నెలలు ఒప్పుకోలే. నేను ఈయన మీది ప్రేమతోని సరే అంటనో, నా అలుపుతోని అంటనో నాకే ఎర్క లేదు."

చెప్పేసి, కొంగుతో మొహం కప్పుకుంది. ఏసుదానం గోడ పట్టు వదలకుండానే ఆమె పక్కన కిందికి జారి కూర్చున్నాడు.

"నాకు ఎర్కనే," అన్నాడు. "అలుపుతోని ఒప్పుకునేదానివైతె మొదటి దినమే ఒప్పుకుంటుంటివి. సరే అంటె నీకు సుఖముండె. అయినా అనకపోతివి. మా తమ్మునికి నేనంటె పానం, గని వాడు ఇంక అలిసిపోలే. అలిసిపోనోడు నన్ను పోనియ్యడు, కట్టేసైనా ఉంచుకుంటడు. నువ్వయితె నా బాధ అంత మోసినవ్. ఇగ సాలు అనే హక్కు నీకే ఉన్నది."

విజయ్ పాల్ చాప మీద కూర్చుండిపోయి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఎస్తర్ మొహం మీది కొంగు తీసింది.

"సరే," అన్నది. "వద్దని నేనే అంట."

అయ్యగారు అందరినీ కళ్లు మూయమని ప్రార్థన మొదలుపెట్టారు. కళ్లు మూసుకుని ఎస్తర్ భయంభయంగా ఎదురుచూసింది, ఆ హాయి ఇప్పుడు వస్తుంది, ఇప్పుడు వస్తుందని. రాలేదు. దాని బదులు, ఏసుదానం చచ్చిపోతాడన్న సంగతి మొదటిసారి ఆమెకు తెలిసొచ్చింది. బస్సుల మధ్య, మందుల మధ్య ఇన్నాళ్లూ ఆ మాట అనుకోవడానికి ఆమెకు తీరికే దొరకలేదు. పక్కనున్న ఆయన చేతిని తడుముకుని పట్టుకుంది. ప్రార్థన ముగిసింది, అందరూ ఆమెన్ అన్నారు. ఎస్తర్ ఆమెన్ అనలేదు, ఆయన చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది.