అటక మీది జనాభా

జనాభా లెక్కలు రాసుకునే మాస్టారు మా గుమ్మంలో నిలబడి ఇంట్లో ఎంతమందని అడిగినప్పుడు, నేను అటక మీదున్నాను. చంటిది ఏడవకుండా దాని నోటికి పాలందించి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. పక్కన మా తోడికోడలు, పాత పరుపు మీద కాళ్లు ముడుచుకుని. కింద మా అత్త ఏమాత్రం తడబడకుండా నలుగురమేనని చెప్పింది. చెప్పక చస్తుందా! ఇళ్లు చూపిస్తానని మాస్టారి వెంటబడి మరీ వచ్చాడు ఇంటి ఓనరు. వాటాలో నలుగురికి మించితే సామాను వీధిలో పడేస్తానన్నది ఆయన మాట. అన్నంత పనీ చేస్తాడు. మూల వాటాలో ఉండే టైలరు కుటుంబం అలాగే పోయింది.

మా సందులో ప్రతి వాటాలోనూ ఇదే బాగోతం. ఒకరి మరిది స్నానాలగదిలో, ఇంకొకరి ఆడపడుచు బీరువా వెనక. సందు మొత్తం ఆయనదే మరి. ఆ సాయంత్రం కుళాయి దగ్గర ఎవరెక్కడ నక్కారో చెప్పుకుని కడుపుబ్బా నవ్వుకున్నాం. గండం గడిచిందనుకున్నాం, బుద్ధి ఉంటే కదా.

తర్వాత లెక్కలు బయటికొచ్చాయి. మా వార్డులో జనం బాగా తగ్గిపోయారట. ఒక్క బిందె నీళ్ల కోసం రోజూ జుట్లు పట్టుకునే మేం తగ్గిపోయామట! ఇంత కొద్దిమందికి విడిగా కౌన్సిలరెందుకని మా వార్డును వంతెన అవతలి పెద్ద వార్డులో కలిపేస్తున్నారని మా కౌన్సిలరక్కే వచ్చి చెప్పింది. రోడ్డు వెడల్పు చేయడానికి మా సందు కొట్టేయాలని మున్సిపాలిటీవాళ్లు ఎప్పట్నుంచో చూస్తున్నారు. ప్రతి మీటింగులోనూ అడ్డుపడింది అక్కే. అవతలివాళ్లకేమో ఆ రోడ్డే కావాలి. అక్క సీటు పోయిందంటే మా ఇళ్లు పోయినట్టే.

ఇక నాకు కంటిమీద కునుకు లేదు. వీధిలో లారీ ఆగితే చాలు, చంటిదాన్ని చంకనేసుకుని గుమ్మంలోకి పరిగెత్తేదాన్ని. ఊరికే బెంబేలు పడకని అత్త కసిరేది గానీ, ఆవిడా కంచం ముందు కూర్చున్నట్టే కూర్చుని లేచిపోయేది.

అభ్యంతరాలుంటే ఫలానా రోజు మున్సిపల్ ఆఫీసుకొచ్చి చెప్పుకోమన్నారు. అందరూ వచ్చి కనబడండి, మిమ్మల్ని చూశాక కాదనలేరు అంది అక్క. ఓనరుకి తెలిస్తే ఎలాగని నేను గొణిగాను.

"ఇల్లే లేకపోయాక ఓనరెవడే?" అంది అత్త.

సందు సందంతా ఆఫీసుకి కదిలింది. దాక్కున్నవాళ్లందరం ముందు వరసలో. చంటిదాన్ని తోడికోడలికి ఇచ్చేశాను. ఎవరు మాట్లాడతారని ఆఫీసరు అడిగితే అందరూ ఒకరినొకరు ముందుకు తోసుకున్నారు. ఒళ్లుమండి నేనే లేచాను.

"ఆరోజు మేం అటక మీద దాక్కున్నాం సార్. మీ లెక్కలో మేం లేం. కానీ ఉన్నాం, చూడండి."

నా వెనక ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. ఆఫీసరు మంచివాడే. కళ్లజోడు తీసి మా అందరివైపూ చూశాడు.

"ఉన్నారమ్మా, కనబడుతూనే ఉన్నారు. కానీ ప్రకటించేసిన లెక్క మార్చే అధికారం నాకు లేదు. మళ్లీ జనాభా లెక్కలు తీసేదాకా ఇంతే."

అక్క గొంతు పోయేదాకా వాదించింది. ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. ఇక చేసేదేం లేక బయటికొచ్చాం.

గేటు దగ్గర అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎదురుగా ఇంటి ఓనరు. సందంతా కదిలితే ఆయనకి తెలియకుండా ఉంటుందా! ఒక్కో కుటుంబం బయటికొస్తుంటే వేలు ఆడిస్తూ, పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంటున్నాడు. మా దగ్గరికొచ్చేసరికి తోడికోడలి భుజం మీద నిద్రపోతున్న చంటిదాన్ని చూసి కాస్త ఆగాడు. ఆ తర్వాత దానివైపూ వేలు ఆడించాడు.