దేవుడి గదిలో బ్యాటరీ

వామన్‌రావు వకీలు మోటారు మీద ఇల్లు కట్టించాడని నాంపల్లి అంతా చెప్పుకున్నారు. కట్టించిన మాట నిజమే. పాత లారీ ఒకటి కొని, దాని వీపు మీద టేకు చెక్కలతో గది కట్టించాడు. వెనకవైపు గడప, గడపకు పసుపు కుంకుమ, లోపల ఒక మూల వంట, పడుకోవడానికి బల్లలు, ముందుగోడకు ఆనించి దేవుడి అర. వకీలు తల్లి ప్రభావతమ్మ సత్రాల్లో మంచినీళ్లు కూడా పుచ్చుకోదు. ఆవిడకేమో పండరిపురం చూడాలని ఆశ. ఊరూరా మడి వెతుక్కునే బదులు మడినే చక్రాల మీద ఎక్కించుకుపోవచ్చునని కొడుక్కి తోచింది. యుద్ధం ఇంకా రాలేదు, పెట్రోలుకు కరువు లేదు. ఆ బండి అబిడ్స్‌లోంచి పోతుంటే దుకాణాల్లోని జనం బేరాలు ఆపి మరీ చూసేవారు.

నడిపేవాడు బిచ్చయ్య. ముందు సీటు వరకే అతని రాజ్యం. వెనక గది గడప అతని కులంవాళ్లు తొక్కకూడదు. బండి ఎక్కడ ఆగినా అతని పడక బండి కిందే. అయినా ఆ కొలువంటే అతనికి ప్రాణం. బంగళా వెనక మోటారు కొట్టాన్ని ఆనుకుని ఒక గది ఇచ్చారు. అతనూ పెళ్లాం శంకరమ్మా అంతకుముందు గౌలిగూడలో నలుగురితో కలిసి ఒకే కప్పు కింద ఒదిగి బతికినవాళ్లు. తలుపున్న గది తమకంటూ దొరికాక శంకరమ్మ గోడలకు సున్నం తానే వేసుకుంది. కొలువుంటేనే ఆ గది. ఆ సంగతి మొగుడూ పెళ్లాలకు నిద్రలో కూడా గుర్తే.

బండికి రెండు బ్యాటరీలు. ముందుది ఇంజనుకు, వెనక దేవుడి అర కింద ఉన్నది దీపాలకు. రెంటికీ చార్జి ఇచ్చేది ఒకే డైనమో. దేవుడి ముందు బల్బు ఒకటి రాత్రింబగళ్లు వెలగాలని ప్రభావతమ్మ పంతం. ఆ బల్బే పేచీ తెచ్చింది. బండి నడిచినంతసేపూ బాగానే వెలిగేది. తెల్లారేసరికి నిప్పు ఆరిపోతున్న బీడీలా ఎర్రగా మిగిలేది. జహీరాబాద్ దాకా సరదాగా పోయి చూసిన రోజు అదీ మిగల్లేదు. పెద్దావిడ అపశకునమని కన్నీళ్లు పెట్టుకుంది. వకీలు కోపమంతా డ్రైవరు మీదికి మళ్లింది. బండి నిదానంగా తోలి చార్జి ఎక్కనివ్వడం లేదన్నాడు. పండరిపురం ప్రయాణంలో మళ్లీ ఇలా జరిగితే వేరేవాణ్ణి చూసుకుంటానని తేల్చి చెప్పాడు.

బిచ్చయ్య బండి కిందికి దూరాడు. డైనమో బెల్టు బిగించాడు. బ్రష్షులు మార్చాడు. చార్జి వెనక్కి పోకుండా ఆపే కటౌటు విప్పి పాయింట్లు గీకాడు. తీగల మొనలన్నీ తోమాడు. నాలుగు రోజులు బండి కింద పడుకుని చేసిన చాకిరీ అంతా దండగే, ఎందుకంటే ముందు బ్యాటరీ మొదటినుంచీ నిక్షేపంగా ఉంది. ఒకే డైనమో ఒకదానికి సరిగ్గా ఇచ్చి ఇంకోదానికి ఎందుకు ఇవ్వదన్న ప్రశ్న అతనికి తట్టనే లేదు. భయపడ్డ మనిషికి చేతులు ఆడినంతగా బుర్ర ఆడదు.

చివరికి వంటాయన శ్రీపతి చేత వెనక బ్యాటరీని బయటికి తీయించి స్టేషన్ దగ్గర రాజనర్సు దుకాణానికి మోసుకుపోయాడు. రేడియోల బ్యాటరీలకు చార్జి పెట్టడం రాజనర్సు పని. అతను గాజుగొట్టంతో లోపలి నీళ్లు పీల్చి చూసి మొహం చిట్లించాడు.

“బిచ్చన్నా, నీ డైనమో మంచిగనే ఉన్నది. రోగమంత ఈ నీళ్లలనే ఉన్నది. ఎవరు పోస్తున్నరు, ఏం పోస్తున్నరు, జర చూస్కో.”

చూడ్డానికి బిచ్చయ్యకు ఉన్నది సీటు వెనక, గదిలోకి తెరుచుకునే చిన్న కిటికీ ఒక్కటే. మర్నాడు పొద్దున సీటు తుడుస్తున్నట్టు కూర్చుని అందులోంచి చూశాడు. బండి ఇంటి దగ్గరున్నా ఆ దేవుడికి రోజూ పూజ తప్పనివ్వని ప్రభావతమ్మ అప్పుడే పూజ ముగించింది. దేవుడికి చూపించిన తీర్థం రాగి పంచపాత్రతో పట్టుకుని వంగింది. బ్యాటరీ మూతలు ఒక్కొక్కటే తీసి, ఉద్ధరిణెతో తలా కొంచెం పోసి, కళ్లకద్దుకుని మూతలు పెట్టింది. ప్రమిదలో నూనె పోసినంత శ్రద్ధగా పోసింది. దేవుడి దీపం దాంతో వెలుగుతోంది కనుక దానికి పోసే నీళ్లు కూడా తన చేతి మడినీళ్లే కావాలని ఆవిడ నమ్మకం. మందుల షాపు నుంచి తెచ్చే డిస్టిల్ వాటర్ ఎవరెవరు ముట్టారో తెలీదని ఎప్పుడో పారబోయించింది.

రాగి తగిలిన బావినీళ్లు బ్యాటరీకి విషమని, ఎంత చార్జి ఎక్కినా లోపలే తినేస్తాయని రాజనర్సు చెప్పాడు. అది వకీలుకు చెప్పడమెట్లా? పూజవేళ కిటికీలోంచి తొంగి చూశానని చెప్పాలి. శ్రీపతిని బతిమాలితే, పెద్దమ్మగారి తీర్థం పారబోసి యాసిడ్ పొయ్యమంటావా అని కసిరాడు. ప్రయాణం దగ్గరికొచ్చింది. శంకరమ్మ గది ముందు పేడనీళ్లు చల్లి ముగ్గు వేస్తుంటే చూసి, ఇక ఆగలేక, మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ కునుకు తీస్తుండగా బిచ్చయ్య గడప దాటాడు. రబ్బరు బుడ్డితో పాత నీళ్లు తోడేశాడు. రాజనర్సు యాసిడ్ కలిపి ఇచ్చిన కొత్తవి నింపాడు. ఒక్క చుక్క ఒలకలేదు.

పండరిపురం పోయి వచ్చినన్ని రోజులూ బల్బు తెల్లగా వెలిగింది. తన తీర్థం మహిమేనని ప్రభావతమ్మ మురిసిపోయింది. డ్రైవరుకు బుద్ధి వచ్చిందని వకీలు మురిసిపోయాడు. ఆవిడ పోయడం మానలేదు కనుక బిచ్చయ్య తోడడమూ మానలేదు. మొదట భయానికి వెళ్లినవాడు, రానురాను ఇష్టానికీ వెళ్లాడు. ఆ వెలుగు తన చేతిదని అతనికి తెలుసు. ఒకసారి దేవుడికి దండం కూడా పెట్టుకున్నాడు. ఆ క్షణంలో అతనికి గర్వంగా అనిపించింది. ఆ గర్వంలోనే జాగ్రత్త తగ్గింది.

భద్రాచలం ప్రయాణానికి ముందురోజు శ్రీపతి పట్టేశాడు. చేతిలో బుడ్డి, సీసాతో గడప దిగుతున్నవాణ్ణి చెయ్యి తగలకుండా అడ్డంగా నిలబడి ఆపి, వకీలును పిలిచాడు.

వకీలు అతన్ని కొట్టం పక్కకు పిలుచుకుపోయి అంతా విన్నాడు. చెడ్డమనిషి కాడు. సభల్లో అంటరానితనం పోవాలని గొంతెత్తి మాట్లాడినవాడు. రాగి సంగతి చెప్పగానే అర్థం చేసుకున్నాడు, తల కూడా ఊపాడు. ఉండమని చెప్పి లోపలికి వెళ్లి చాలాసేపటికి వచ్చాడు. బిచ్చయ్య ఆశగా చూశాడు.

“నువ్వు చెప్పింది నిజమే, నేను నమ్ముతున్న. కాని ఇన్ని దినాలు నువ్వు లోపలికి పోయినవని తెలిస్తే అమ్మ అన్నం ముట్టదు. దొంగతనానికి వచ్చి గడప దగ్గర్నే దొరికినవని చెప్పిన. అదైతే ఆమె తట్టుకుంటది.”

శ్రీపతి నోరు తాను మూయిస్తానన్నాడు. కొత్త డ్రైవరు రేపు పొద్దుటికి వస్తాడన్నాడు. గది ఇవాళే ఖాళీ చెయ్యాలన్నాడు. ఇన్ని మాటలు నేల చూస్తూ అన్నవాడు, అప్పుడు తలెత్తాడు.

“పోయేముందు ఆ బ్యాటరీ ఒక్కసారి చూసిపో, బిచ్చయ్యా. అమ్మ పండుకున్నది.”

బిచ్చయ్యకు ఒళ్లంతా మండిపోయింది. ఏ పనికి దొంగ అనిపించుకున్నాడో ఆ పనే, అదే గడప, చెయ్యమంటున్నవాడు అదే మనిషి. ఏడుపు రాలేదు. సీసా, బుడ్డి తీసుకెళ్లి వకీలు చేతిలో పెట్టాడు.

“మీరే పొయ్యుండ్రి, వకీల్ సాబ్. మీరు ముట్టొచ్చు.”

వకీలు సీసాను ఒంటికి దూరంగా పట్టుకున్నాడు. యాసిడ్ మీద పడితే కాలుతుందేమోనని అడిగాడు. బిచ్చయ్య గదివైపు నడిచాడు.

శంకరమ్మ అప్పటికే మూట కట్టింది. శ్రీపతి వచ్చి దొంగతనం మాట చెప్పిపోయాడట. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. ఇద్దరూ ట్రంకుపెట్టె మోసుకుని నాంపల్లి దాటి అబిడ్స్ వైపు నడిచారు. గౌలిగూడలో మళ్లీ ఎవరి పంచనైనా పడాలి. దొంగ అన్న పేరు మోటార్లున్న ఇళ్లకు తమకన్నా ముందే చేరుతుందని బిచ్చయ్యకు తెలుసు. పోస్టాఫీసు దగ్గర పెట్టె దించి ఊపిరి తీసుకుంటూ ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పాడు. తీర్థం, రాగి పంచపాత్ర, బల్బు, వకీలు నమ్మడం, నమ్మి వెళ్లగొట్టడం అన్నీ చెప్పాడు. ఆమె చివరిదాకా ఓపిగ్గా విన్నది.

“దేవునికి దీపం ఆరకుంట చూసినందుకు ఎవరన్న పనిల నుంచి తీసేస్తరా? ఇంట్లదాన్ని, నాతోనన్న నిజం చెప్పు. ఏం దొంగతనం చేసినవ్?”

బిచ్చయ్య మళ్లీ చెప్పబోయాడు. తన చెవికే అది కట్టుకథలా వినబడింది. పెట్టె నెత్తికెత్తుకున్నాడు.