తెగే చోటు

గుడివాడలో, ఏలూరు రోడ్డు మీద, ఒక మందుల కొట్టు పై అంతస్తులో సహాయ సంఘం ఆఫీసు. రెండు కంప్యూటర్లు, ఒక టెలిఫోను, ఒక మోడెమ్, వాటి ముందు సుమలత. తుపాను వస్తే ఎవరింటికి ముందు బియ్యం చేరాలో తేల్చే కుటుంబాల జాబితా ఆమె చేతిలో ఉండేది. దివిసీమ పల్లెల నుంచే పదకొండు వేల పేర్లు. రోజూ సాయంత్రం నాలుగింటికి ఆ జాబితాను టెలిఫోను తీగ మీద బందరు ఆఫీసుకు పంపాలి. పంపడానికి గంట పట్టేది. ఆ గంటలో లైను మూడుసార్లు పోయేది. పోయిన ప్రతిసారీ మళ్ళీ మొదటి పేరు నుంచి మొదలు.

అది రెండువేల మూడో సంవత్సరం.

జాబితాను వెయ్యేసి అక్షరాల ముక్కలుగా కోసి, నిన్నటికీ ఇవాళ్టికీ మారిన ముక్కల్నే పంపితే సరిపోదా అన్నాడు ఆఫీసు పెద్ద శామ్యూల్ రాజ్. బాగానే ఉందనిపించింది. కాని హంసలదీవిలో ఎవరో కొత్త కాపురం పెట్టి, జాబితా మొదట్లో ఒక్క పేరు చేరిందా, దాని వెనకున్న అక్షరాలన్నీ పక్కకు జరిగేవి. మొదటి ముక్క తోక రెండో ముక్కకు తలయ్యేది, రెండో దాని తోక మూడో దానికి తల. చేరింది ఒక్క పేరు. మారింది ప్రతి ముక్కా. మళ్ళీ అదే గంట.

దారి దొరికింది ఆఫీసులో కాదు, నాగాయలంక అవతల సుమలత వాళ్ళ ఊరి చర్చిలో.

సుమలత నాయనమ్మ సువార్తమ్మకు చదువు రాదు. అయినా నలభై ఏళ్ళుగా అక్కడ కీర్తన చెప్పించేది ఆవిడే. ఆవిడ ఒక తునక పాడితే, పుస్తకం చదవలేని వాళ్ళంతా ఆ తునకను తిరిగి పాడతారు. ఆ ఆదివారం పాస్టరు గారు మొదటి చరణంలో రెండు మాటలు కొత్తగా చేర్చి, కాగితాలు జిరాక్సు తీయించి పంచారు. అచ్చులో వరుసలన్నీ జరిగిపోయాయి. వరుస మొదలు చూసి పాడటం అలవాటైన చదువరులు పాట చివరిదాకా తడబడ్డారు. సువార్తమ్మ వెనకవాళ్ళు మాత్రం ఒక్క తునక దగ్గర తడబడి, తరవాతి తునకకల్లా గొంతు కలిపారు. ఎందుకంటే ఆవిడ వరుస కొలిచి ఆపదు, రాగం సాగి దిగిన చోట ఆపుతుంది. ఆ చోటు పాటలోనే ఉంది. ముందు ఎన్ని మాటలు చేరినా అది చెదరదు.

సోమవారం సుమలత అదే పని జాబితాకు చేసింది. నలభై ఎనిమిది అక్షరాలు మాత్రమే కనిపించే కిటికీ ఒకటి పెట్టి, దాన్ని ఒక్కో అక్షరమే ముందుకు నడిపింది. కిటికీలో ఉన్న అక్షరాలకు కలిపి ఒక అంకె. అడుగడుక్కీ లెక్కంతా తిరిగి వేయనక్కరలేదు. వెళ్ళిపోయిన అక్షరం వాటా తీసేసి, వచ్చిన అక్షరం వాటా కలిపితే చాలు. ఆ అంకెను వెయ్యిన్ని ఇరవై నాలుగుతో భాగించినప్పుడు శేషం మిగలని చోట తెంపు. ఒక ముక్క పొట్టి, ఒక ముక్క పొడుగు, అయితేనేం? పేరు చేరిన చోటి ముక్క మారుతుంది, మిగతావి ఎక్కడివక్కడ నిలుస్తాయి. గంట పని నాలుగు నిమిషాలకు దిగింది.

ఇదంతా శామ్యూల్ రాజ్‌కు ఆమే నేర్పింది. నెలన్నర నేర్పింది.

"బుర్రకెక్కట్లేదు తల్లీ, ఇంకోసారి చెప్పు."

"ఇది మూడోసారి అన్నయ్యా! ట్యూషను ఫీజు కట్టాలి మీరు."

"బజ్జీలు తెప్పిస్తాలే. సరే, ఖాళీ గళ్ళు వరసగా వచ్చి ఎక్కడా తెగే చోటే దొరక్కపోతే?"

"నాలుగువేల అక్షరాలు దాటగానే బలవంతంగా తెంపేయడమే."

"అమ్మో! పిల్లవి కాదు, పిడుగువి."

విజయవాడలో ఒక కంపెనీ ఇలాంటి పద్ధతి కోసం చూస్తోందనీ, కనిపెట్టిన మనిషిని ఉద్యోగంలోకి తీసుకుని, పద్ధతి మీద ఆ మనిషి పేరే వేస్తుందనీ అతనే చెప్పాడు. "నీ పేరు మీదే పంపిస్తా" అన్నాడు. సుమలత ఆ మాటను మనసులో దీపంలా పెట్టుకుంది.

ఆ సంతోషంలోనే ఒక ఆదివారం, ఊరి చర్చిలో సాక్ష్యం చెప్పడానికి, అంటే దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకోడానికి, లేచి నిలబడింది. వాళ్ళ చర్చి సంఘంలో సాక్ష్యానికొక తీరుంది. అక్కడ ఎవరూ నేను చేశానని అనరు. జీవరత్నం ఆరు నెలలు ఒళ్ళు హూనం చేసుకుని సొంతంగా పడవ కట్టుకుని కూడా, "నాదేం లేదండి, పెద్దల ద్వారా ప్రభువు జరిగించాడు" అన్నాడు. విన్నవాళ్ళంతా పడవ జీవరత్నం కట్టాడనే అర్థం చేసుకున్నారు. సుమలతా ఆ తీరులోనే చెప్పింది. "ఇందులో నా తెలివి ఏమీ లేదండి. శామ్యూల్ రాజ్ అన్నయ్య గారి ద్వారా ప్రభువు ఇచ్చిన ఆలోచన ఇది. నేను ఊరికే టైపు చేశాను." ముసలమ్మలు సుమలత బుగ్గలు పుణికారు. ఆ వారం అతిథిగా వచ్చి ముందు బల్ల మీద కూర్చున్న శామ్యూల్ రాజ్ ఒళ్ళో టేపు రికార్డరు తిరుగుతోంది. సాక్ష్యాలు దాచడం మంచిదేగా అనుకుందామె.

గురువారం పదకొండింటికి కంపెనీ నుంచి నరసింహారావు గారు వచ్చారు. బల్ల మీద అట్ట వేసిన కాగితాల కట్ట పెట్టారు. టీ కప్పు అందిస్తూ సుమలత చూసింది. లోపలి బొమ్మలు ఆమె గీసినవే, వాక్యాలు ఆమె రాసినవే. అట్ట మీద మాత్రం ఒక్కటే పేరు: శామ్యూల్ రాజ్.

కప్పు బల్ల మీద పెట్టింది. అట్ట మీద వేలు పెట్టింది.

"ఇది నేను చేసిందండి."

నరసింహారావు గారు కళ్ళజోడు పైకి తోసుకుని, "ఏమండీ రాజ్ గారూ?" అన్నారు.

శామ్యూల్ రాజ్ కోప్పడలేదు. నొచ్చుకున్నవాడిలా చిన్నగా నవ్వాడు. సొరుగు లాగి క్యాసెట్టు తీశాడు. గది నిండా ఆమె గొంతే మోగింది: ఇందులో నా తెలివి ఏమీ లేదండి.

"ఈ గొంతు నీదేనా అమ్మా?" అన్నారు నరసింహారావు గారు.

"నాదేనండి. కాని సాక్ష్యంలో మేం అలాగే చెప్తామండి. అక్కడ ఎవరూ నేనూ అని అనరు."

"అంటే, ఉన్నది లేదని చెప్తారా?"

తమవాళ్ళ మధ్య ఎవరికీ విప్పి చెప్పనక్కరలేని మాట, ఈ బల్ల దగ్గర విప్పితే అబద్ధమై కూర్చుంటోంది. "ఏదైనా అడగండి, నేను చెప్తాను" అంది సుమలత. నరసింహారావు గారు అడిగారు. కిటికీ నలభై ఎనిమిదే ఎందుకు? తెగే చోటు దొరక్కపోతే? ఆమె నోరు తెరిచేలోగా శామ్యూల్ రాజ్ చెప్పేస్తున్నాడు. తప్పు లేకుండా, తడుముకోకుండా, ఆమె మాటల్లోనే. బాగా నేర్పింది మరి.

"అసలు ఈ ఆలోచన మీకెలా తట్టిందండీ రాజ్ గారూ?"

"మా నాయనమ్మ వల్లండి. ఆవిడకి చదువు రాదు. చర్చిలో కీర్తన చెప్పించేది. వరుస కొలిచి ఆపేది కాదు, రాగం దిగిన చోట ఆపేది..."

సుమలత తలెత్తి అతని వైపు చూసింది. శామ్యూల్ రాజ్ పుట్టకముందే వాళ్ళ నాయనమ్మ పోయింది. పేరు పోతే పోయింది, ఉద్యోగం పోతే పోయింది అని అప్పటికే సగం మనసు రాయి చేసుకుంది. నలభై ఏళ్ళుగా పాడుతున్న సువార్తమ్మ గొంతును కూడా అతను అట్ట వేసి తనదిగా బల్ల మీద పెడతాడనుకోలేదు.

"ఎంత చక్కగా చెప్పారండీ!" నరసింహారావు గారు కలం మూత తీశారు. ఆమె వైపు తిరిగారు. "ఒక్కటే అడుగుతానమ్మా. చర్చిలో నువ్వు చెప్పింది నిజమా, అబద్ధమా?"

నిజమంటే పద్ధతి పోతుంది. అబద్ధమంటే, దేవుని సన్నిధిలో అబద్ధమాడిన సువార్తమ్మ మనవరాలనే మాట ఆదివారానికల్లా ఊరు చేరుతుంది.

"అబద్ధమండి" అంది సుమలత. "అక్కడ అబద్ధం చెప్పాను. పద్ధతి నాది."

ఆయన జాలిగా చూశారు. "గుడిలోనే అబద్ధం చెప్పగలిగినదానివి, నా ముందు చెప్పవని నమ్మకమేంటమ్మా?" అని, కాగితం మీద సంతకం చేశారు.

సగం మెట్లు దిగింది. వెనక నుంచి చెప్పుల చప్పుడు.

"సుమా, ఆగమ్మా. అలా వెళ్ళిపోతే ఎలా? నాలుగింటికి బందరుకి జాబితా పంపాలిగా."

"పద్ధతి మీదే కదండీ శామ్యూల్ రాజ్ గారూ. పంపుకోండి."

అన్నయ్య అనే పిలుపు లేకపోవడం అతనికి తగిలింది. గొంతు తగ్గించాడు. "ఆవేశంలో ఏదో అనేశావ్. సన్నిధిలో అబద్ధమాడానని నీ నోటితో నువ్వే ఒప్పుకున్నావ్. రేపు మీ నాయనమ్మకి ఏం చెప్తావ్?"

"మా నాయనమ్మా? ఆవిడ ఇందాకటి నుంచీ మీ నాయనమ్మ కదండీ. నాగాయలంక బస్సెక్కి మీరే వెళ్ళి చెప్పండి. ముసలిది, కొత్త మనవణ్ణి చూసి సంతోషిస్తుంది."

ఆమె మిగతా మెట్లు దిగింది.

బస్టాండు దాకా సుమలత వేగంగా నడిచింది. ఊరికి వెళ్ళాలంటే పామర్రులో బస్సు మారాలి. పామర్రులో దిగింది, అవనిగడ్డ బస్సు వచ్చేదాకా ఎండలో నిలబడింది, ఎక్కింది, కండక్టరు దగ్గర చిల్లర సరిగ్గా చూసుకుని తీసుకుంది. సీటు దొరికి కూర్చున్నాక, అప్పుడు ఏడ్చింది.