బయట వదిలిన మార్కులు

2009లో గోదావరిఖనిలో అనంతకృష్ణ సార్ కంప్యూటర్ సెంటర్ నడిపేవారు. బ్యాచ్ మారినప్పుడల్లా పరీక్ష పెట్టి, అందరికన్నా ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లకు, కొత్త బ్యాచ్‌కు పాఠాలు చెప్పే పని ఇచ్చేవారు. ఆ పరీక్ష పేజీని జావాస్క్రిప్ట్ అనే కంప్యూటర్ భాషలో రాసింది అక్కడే నేర్చుకుంటున్న మమత, గని కార్మికుడి కూతురు. ప్రశ్నలు మాత్రం సార్ అప్పటికప్పుడు పెట్టేవారు.

ఆసారి మమతకు ఎనభై నాలుగు వచ్చాయి. ఆమె మేనత్త కొడుకు సంపత్‌కు తొంభై ఒకటి. పని అతనికే దక్కింది. మర్నాడు చాయ్ హోటల్ దగ్గర అందరూ ఉండగా, ఆ మార్కులు ఎలా వచ్చాయో అతనే చెప్పాడు. బ్రౌజర్‌లో అడ్రస్ రాసే చోట ఒక్క లైను కొట్టి మార్చుకున్నాడట.

"మార్కులు వాకిట్ల పెట్టినవ్ మమతా. ఎవలైనా ఎత్తుకపోతరు," అన్నాడు.

అందరూ నవ్వారు. సార్‌కు చెప్పాలంటే రుజువు లేదు, నవ్వినవాళ్లెవరూ సాక్ష్యానికి రారు. పైగా తప్పు పేజీ రాసింది తనే. మమత ఆ రోజు అన్నం తినలేదు.

వారం తర్వాత, ఎందుకో చెప్పకుండా, ప్రోగ్రామ్‌లోని ఒక విలువను బయటివాళ్లకు అందకుండా ఎలా దాచాలని సార్‌ను అడిగింది. ఆయన బోర్డు మీద రాసి చూపించారు. మార్కులను 'దిస్' అనే, బయటికి కనబడే పేరుకు తగిలిస్తే ఎవరైనా మార్చగలరు. కన్‌స్ట్రక్టర్ అనే, వస్తువును తయారుచేసే ఫంక్షన్ లోపలే 'వార్' అనే మాటతో దాచితే, అక్కడే పుట్టిన ఫంక్షన్లు తప్ప ఇంకెవరూ ముట్టుకోలేరు.

మమత పేజీ మళ్లీ రాసింది. అసలు మార్కులు లోపలికి పోయాయి. బయట ఉన్న పాత పేరును మాత్రం తియ్యలేదు. తీసేస్తే సంపత్ చెయ్యి పెట్టలేడు. అతను చెయ్యి పెట్టాలనే ఆమె కోరుకుంది.

మూడు నెలలకు బ్యాచ్ మారి మళ్లీ పరీక్ష. మమత అతని వెనక కుర్చీ చూసుకుని కూర్చుంది. చివర్లో అతను అటూ ఇటూ చూసి ఒక లైను కొట్టాడు. తెర మీద తొంభై మూడు కనబడింది. ఆపలేదు ఆమె.

ప్రింటర్‌లోంచి వచ్చిన చీటీని సార్ అలవాటు ప్రకారం పైకి చదివారు. రెండు లెక్కలూ చీటీ మీద పడేలా మమత రాసింది: జవాబులకు వచ్చినవి యాభై రెండు, బయటి నుంచి మార్చినవి తొంభై మూడు. పేజీయే తప్పని సంపత్ వాదించాడు. సార్ ఒక్కొక్క జవాబూ చేత్తో దిద్దారు. యాభై రెండే. రేపటి నుంచి రావద్దన్నారు.

బయట సంపత్ మమతకు అడ్డం వచ్చి నిలబడ్డాడు. "నాకొక్కనికి చెప్తే అయిపోతుండె గద. గిట్ల అందరి ముందట..."

"నువ్వు గూడ అందరి ముందటనే చెప్పినవ్ బావా."

మేనత్త పూలమ్మ వాళ్లింటికి రావడం మానేసింది. నాన్న షిఫ్టు దిగి వచ్చిన ప్రతిరోజూ తిట్టాడు. మమత తల వంచుకుని వింది గానీ, తప్పు చేశానని ఒక్కసారీ అనలేదు. పాఠాలు చెప్పే పని ఆమెకు వచ్చింది. సంపత్ చెయ్యి పెట్టిన ఆ బయటి పేరు ఇక తీసెయ్యమని సార్ రెండుసార్లు చెప్పారు. ఆమె నెల దాకా తియ్యలేదు.