బెంజిమిన్ గారి ఎం.బి.ఏ.

నరసరావుపేటలో మందుల కంపెనీ రిప్రజెంటేటివ్‌గా తిరిగే బెంజిమిన్‌కు ఉన్నట్టుండి ఎం.బి.ఏ. మీదికి మనసు మళ్లింది. తన వెనక చేరినవాళ్లు ఆ డిగ్రీ ఉండబట్టే మేనేజర్లయిపోతున్నారని అతని నమ్మకం. ఏ కాలేజీలో చేరాలో ఇంకా చూసుకోలేదు గానీ, ఇంటర్వ్యూకని నల్లకోటు మాత్రం ముందే కొనేశాడు. మే నెల ఎండలో అది తొడుక్కుని అద్దం ముందు నిలబడితే, భార్య ప్రిస్కిల్లా వంటింట్లోంచి తొంగిచూసింది.

"ఏవండీ, పెళ్లెవరిదీ?"

"ఎగతాళొద్దు. చూడంగానే మేనేజర్ అనిపించాల."

"పాస్టరు గారనుకుంటారు. అది సరే, మేనేజరయ్యాక పొద్దస్తమానం ఏం జేస్తారంట?"

బెంజిమిన్ కోటు గుండీలు పెట్టుకున్నాడు. "మేనేజ్ జేస్తా."

ప్రిస్కిల్లా పడీపడీ నవ్వింది. ఆమె నవ్వు సంగతి ఎలా ఉన్నా, ప్రశ్న మాత్రం బెంజిమిన్‌ను వదల్లేదు. మర్నాడు తన మేనేజర్ రియాజ్‌ను టీకి తీసుకెళ్లి అదే అడిగాడు.

"ఏముందిరా! ఎవరెక్కడికి పోవాల్నో చూడాల. ఒకడు సెలవంటే ఇంకొకణ్ణి సర్దాల. ఇద్దరు పోట్లాడుకుంటే కూర్చోబెట్టి మాట్లాడాల. నెలాఖరుకు లెక్కలు పైకి పంపాల" అన్నాడు రియాజ్.

"మరి డాక్టర్ల దగ్గరికి?"

"ఎక్కడ కుదురుద్ది? మాచర్ల మొహం చూసి చానా రోజులైంది."

బెంజిమిన్ టీ గ్లాసు కింద పెట్టేశాడు. బండేసుకుని గురజాల, మాచర్ల తిరగడం, ఆసుపత్రి వరండాల్లో కాంపౌండర్లతో కబుర్లాడటం, ఈ ఉద్యోగంలో అతనికి నచ్చిందే అది. సాయంత్రం ఇంటికొచ్చి జరిగినదంతా భార్యకు చెప్పుకుని, "ఇదేం పనే! దీనికి మళ్లీ రెండేళ్ల చదువా!" అన్నాడు.

గోంగూర వలుస్తున్న ప్రిస్కిల్లా చేతులు ఆగిపోయాయి. "సెలవు పెట్టినోళ్ల బదులు ఎవర్ని వెయ్యాల్నో కూడా నేర్పుతారా ఆ చదువులో? వార్డుకి ఎంతమంది కావాల్నో?"

"ఏమే, నేనొద్దంటంటే నీకేంది అంత హుషారు?"

ప్రిస్కిల్లా సిగ్గుపడింది. ఆమె ఒక ప్రైవేటు ఆసుపత్రిలో హెడ్ నర్సు. నర్సుల డ్యూటీలన్నీ ఆమే వేస్తుంది.

"అందరూ ఉండాల్సిన చోట ఉంటే పూసలు గుచ్చినట్టుంటదండీ. నాకు ఆ పనంటే చానా ఇష్టం" అంది మెల్లగా.

అయినా ఆమె తొందరపడలేదు. ఆసుపత్రి పెద్ద డాక్టరు నాగభూషణరావు గారిని కలిసి, ఎం.బి.ఏ. చేస్తే తనకు ఉపయోగమేనా అని అడిగింది.

"పేరు పక్కన రాసుకోవటానికైతే వద్దమ్మా" అన్నాడాయన. "ఆసుపత్రి మొత్తం నడిపే పని కావాలనుకుంటే చెయ్యి. కొత్త అంతస్తు కట్టాక అడ్మినిస్ట్రేటర్ కావాలి. ఆ చదువున్నవాళ్లనే చూస్తాం. నీకే ఇస్తానని మాత్రం ఇప్పుడే మాటివ్వలేను."

ఆ మాట చాలనుకుంది ప్రిస్కిల్లా. ఉద్యోగం మానకుండా చదివే కోర్సులో చేరింది. శనివారాలు బస్సెక్కి గుంటూరులో క్లాసులకు వెళ్తోంది. ఆ రోజుల్లో వంట బెంజిమిన్‌ది.

మొన్న మొదటి సెమిస్టర్ మార్కులొచ్చాయి.

"మేడం గారూ, అకౌంట్స్‌లో ఎన్నొచ్చినయ్?" అని గరిటె పట్టుకునే అడిగాడు.

"బొటాబొటీగా గట్టెక్కా."

"నేనైతే ఫస్టొచ్చేవోణ్ణి."

"అవునవును. ముందా అన్నం సంగతి చూడండి, మాడు వాసనొస్తంది."